దండెం మీద రెండు క్లిప్పులు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది. వీధిలో అది ఎవరికీ గుర్తులేదు. గోళ్ళ సందుల్లో ఎంత రుద్దినా పోని రంగు చూసి ఎవరో ఇంకమ్మ అన్నారు, అదే నిలిచిపోయింది. ప్రెస్సులో కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకునేవారు. సాయంత్రం పని ముగించే వేళకి ప్రెస్సు యజమాని ముసలాయన "ఇంక చాలమ్మా ఇంకమ్మా, ఇంక ఇంటికి పోమ్మా" అని పాటలాగా అనేవాడు. ఆ హాస్యం ఆయనకు ఏనాడూ పాతబడలేదు. ఆమె కూడా ఏనాడూ నవ్వకుండా ఉండలేదు.

అది పెద్ద ప్రెస్సేం కాదు. పిండి బస్తాల మీద మిల్లు గుర్తులు, అట్టపెట్టెల మీద "ఈ వైపు పైకి" అనే బాణాలు, దుకాణాల సంచుల మీద పేర్లు అచ్చువేసేవారు. చెక్క ఫ్రేముకి సన్నని గుడ్డ బిగించి, అక్కర్లేని చోట రంగు దిగకుండా పొర అంటించి, పైన రంగు పోసి రబ్బరు బద్దతో లాగడం ఇంకమ్మ పని. లాగుడు ఒక్క ఊపులో సాగాలి. మధ్యలో చెయ్యి తడబడితే అచ్చు మీద అడ్డగీత పడుతుంది. ఆమె చేతిలో మాత్రం ఎప్పుడూ పడేది కాదు. పొర కత్తిరించడంలోనూ ఆమెదే పైచెయ్యి. మిల్లువాళ్ళు కోడిపుంజు గుర్తు కావాలంటే, ఆమె కత్తిరించిన పుంజు కూతకి సిద్ధంగా ఉన్నట్టుండేది.

ఇంట్లో ఆమెకున్నది ఒక్క తమ్ముడు. వాడు పలక పట్టే వయసులోనే తల్లి పోయింది, తండ్రి అంతకుముందే పోయాడు. అమ్మయినా నాన్నయినా తానే అయి పెంచింది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే, "ముందు వాడు వాడి కాళ్ళ మీద నిలబడనివ్వండి" అనేది. వాడు నిలబడేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. దానికి ఆమె బాధపడిందో లేదో ఎవరికీ తెలియదు. తమ్ముడు లారీ నడపడం నేర్చుకున్నాడు, నచ్చిన పిల్లని చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది. మేడ మీద రెండు గదుల వాటాలో, వీధి వైపు బాల్కనీతో, నలుగురూ ఒకే గూటి పిట్టల్లా ఉండేవారు. ఇంకమ్మది మొండిపట్టు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. తమ్ముడు మెతక మనిషి. ఏదన్నా నొచ్చుకుంటే పైకి అనడు, అలాగని మరిచిపోడు. చిన్నప్పుడు పక్కింటి పిల్లాడు వాడి బొంగరం విరగ్గొడితే, పెళ్ళి వయసొచ్చాక కూడా ఆ పిల్లాడు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు.

యుద్ధం మొదలైందని రేడియోలో విన్నప్పుడు, అది ఎక్కడో నదికి అవతలి గొడవ అనుకున్నారు వీధిలో అందరూ. కొన్నాళ్ళకి పెద్ద బళ్ళు నడపడం వచ్చినవాళ్ళంతా సైన్యానికి రావాలని కబురొచ్చింది. తమ్ముడు వెళ్ళాడు. బేకరీ ఆయన పెద్ద కొడుకూ వెళ్ళాడు. మెట్ల మీద నిలబడి సాగనంపేటప్పుడు ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే చెడు జరుగుతుందేమోనని అందరికీ భయం.

తమ్ముడు వెళ్ళిన కొత్తలో ఒక పొద్దున మరదలు బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. పిల్ల గౌను, తువ్వాలు, తన జాకెట్టు అయ్యాక, అలవాటు చొప్పున ఇంకో రెండు క్లిప్పులు తీసి దండేనికి పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, అక్కడ తగిలించాల్సిన చొక్కా లేదని. క్లిప్పులు తీయబోయి, చెయ్యి రాక, అలాగే వదిలేసి లోపలికి వచ్చేసింది. ఇంకమ్మ గుమ్మంలోంచి ఇదంతా చూసింది. 

ఆ మధ్యాహ్నం ప్రెస్సులో అందరూ తిండికి వెళ్ళిన వేళ ఆమె ఒక పొర తీసుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. ఒక దండెం, దాని మీద పిల్ల గౌను, తువ్వాలు, జాకెట్టు, తర్వాత ఖాళీ, ఆ ఖాళీలో రెండు క్లిప్పులు. కింద పెద్ద అక్షరాలతో "ఇక్కడ ఆరాల్సిన చొక్కా ఏది?" అనీ, దాని కింద చిన్నగా "యుద్ధం ఆపండి" అనీ. మొదటి అచ్చు ఇంటికి పట్టుకెళ్ళి మరదలికి చూపించింది. మరదలు చాలాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "వదినా, గౌను అంచు ఇంకాస్త కిందికి రావాలి. పిల్ల పొడుగైంది" అంది.

ముసలాయన జన్మలో రాజకీయాల జోలికి పోయినవాడు కాదు. ఎన్నికలప్పుడు కూడా అన్ని పార్టీల జెండాలూ అచ్చువేసి, ఎవరికి ఓటేశావని అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఇంకమ్మ బొమ్మ చూపించి, సంచులు కోయగా మిగిలిన కాగితం కావాలని అడిగింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి గోడౌన్లోకి పోతున్నాను. పచ్చరంగు డబ్బాలున్న బీరువా తాళంచెవి నా కుర్చీ మీద ఉంది" అని వెళ్ళిపోయాడు.

బేకరీ ఆయన పొయ్యి మీద మైదా జిగురు కాచాడు. పక్క వాటాలో ఉండే కుట్టు పిన్ని బకెట్టు మోసింది. ఆ వీధిలో బట్టలు కుట్టి పెట్టే ఆవిడని చిన్నా పెద్దా అందరూ పిన్ని అనే పిలిచేవారు. తెల్లవారుతూనే బ్రెడ్డు కోసం వచ్చిన ఆడవాళ్ళు తలా ఒక చుట్ట కాగితాలు తీసుకుని గోడలకి అంటించారు. గోడలకి చెవులుంటాయని విన్నారు గానీ నోరు కూడా ఉంటుందని ఆ వీధికి అప్పుడే తెలిసింది. బస్సుల మీద, నీళ్ళ ట్యాంకు మీద, మంగలి కొట్టు అద్దం పక్కన, ఎక్కడ చూసినా ఆ రెండు క్లిప్పులే. కొడుకుల్నీ మొగుళ్ళనీ పంపిన వాళ్ళు ఆ బొమ్మ ముందు ఆగి నిలబడేవారు. పంపనివాళ్ళు తల దించుకుని వెళ్ళిపోయేవారు.

ఎక్కువ కాలం సాగలేదు. యుద్ధం గురించి గోడల మీద ఎవరూ ఏదీ అంటించకూడదని ఆర్డరు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ప్రెస్సుకి వచ్చి ఫ్రేములు పట్టుకెళ్ళాడు, తలుపుకి తాళం వేశాడు. చెడ్డవాడు కాదు. "మా ఇంట్లోనూ దండెం ఉందమ్మా. ఆర్డరు ఆర్డరే" అన్నాడట.

మర్నాడు పొద్దున కుట్టు పిన్ని తన బాల్కనీ దండెం మీద బట్టలన్నీ ఒక పక్కకి జరిపి, రెండో పక్క రెండు ఖాళీ క్లిప్పులు పెట్టింది. ఎదురింటి వాళ్ళు చూసి వాళ్ళూ పెట్టారు. మధ్యాహ్నానికి వీధి వీధంతా అంతే. వారం తిరిగేసరికి పక్క వీధులకీ పాకింది. బస్సు డిపోలో పనిచేసే ఆడవాళ్ళు ప్రహరీ పొడుగునా తాడు కట్టి క్లిప్పులు గుచ్చారు. ఇన్‌స్పెక్టరు వచ్చి వీధి మధ్యలో నిలబడి తల పైకెత్తి చూశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. పైనుంచి కుట్టు పిన్ని, "ఏం బాబూ, బట్టలు ఆరేసుకోకపోవడం ఏ సెక్షను కింద నేరం?" అని అడిగింది. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. యుద్ధం మొదలయ్యాక ఆ వీధి పగలబడి నవ్వింది ఆ రోజే.

ఆ క్లిప్పుల పుణ్యమా అని, ఒకే మెట్ల మీద ఏళ్ళ తరబడి ఎక్కి దిగుతూ ఒకరినొకరు పలకరించుకోని వాళ్ళు కూడా దగ్గరయ్యారు. ఒకరి పిల్లల్ని ఒకరు చూసుకున్నారు. ప్రెస్సు మూతపడి ఇంకమ్మ చేతిలో పని లేకపోతే, కుట్టు పిన్ని గుండీలు కుట్టే పని సగం ఆమెకు పంచింది. బేకరీ ఆయనకి నడుం పట్టేస్తే, ఆయన లేచేదాకా వీధి ఆడవాళ్ళే వంతులవారీగా పిండి కలిపారు. ఎక్కడికి వెళ్ళినా "ఇదిగో, మొదటి బొమ్మ వేసింది ఈవిడే" అనేవారు. ఇంకమ్మకి అది కొత్త. బస్తాల మీద కోడిపుంజులు వేసినన్నాళ్ళూ ఎవరు వేశారని అడిగిన నాథుడు లేడు.

అలాంటి రోజుల్లో, చెప్పాపెట్టకుండా తమ్ముడు సెలవు మీద వచ్చాడు.

మధ్యాహ్నపు ఎండలో స్టేషన్ నుంచి నడిచి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. కూతురు వెళ్ళి కాళ్ళకి చుట్టుకుంది. మరదలు లోపలికీ బయటికీ తిరుగుతోందే తప్ప ఏ పనీ చెయ్యడం లేదు. ఇంకమ్మ టీ ఇచ్చి, ఊపిరి తిప్పుకోకుండా జరిగినదంతా చెప్పింది, బొమ్మ దగ్గర నుంచి ఇన్‌స్పెక్టరు టోపీ దాకా. తమ్ముడు గర్వపడతాడనే ఆమె అనుకుంది. వాడు టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మన దండెం మీద కూడా పెట్టారు" అన్నాడు.

"అసలు మొదలైందే మన దండెం మీదరా."

వాడు ఖాళీ గ్లాసును కాస్త పక్కకి జరిపాడు. తర్వాత నెమ్మదిగా, తలెత్తకుండా అన్నాడు. "స్టేషన్ నుంచి ఒక్కో బాల్కనీ చూసుకుంటూ వచ్చాను అక్కా. అందరూ చెయ్యి ఊపారు, ఎప్పుడొచ్చావని అడిగారు. వాళ్ళ నెత్తి మీద ఆ క్లిప్పులు. ఊరంతా కలిసి నన్ను పోయినవాళ్ళలో కలిపేసినట్టు అనిపించింది."

"అది నీ గురించి కాదురా. యుద్ధం గురించి."

"తెలుసు. తెలిసినా అలాగే అనిపించింది."

లోపలి గదిలో కూతురు ఏదో పాడుకుంటోంది. తమ్ముడు అక్క వైపు చూశాడు. "మంచి పనే చేశావు. మా దళంవాళ్ళకి చెప్తే వాళ్ళూ మెచ్చుకుంటారేమో. కానీ నేనున్న ఈ నాలుగు రోజులూ మన దండెం మీద నా చొక్కా ఆరెయ్యండి. వీధి సంగతి నాకొద్దు. మన ఇంటి మీద మాత్రం."

మరదలు అప్పటికే అతని చొక్కా ఉతికి పిండి, బాల్కనీ వైపు నడుస్తోంది. ఇంకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

మర్నాడు డిపో ఆడవాళ్ళు ఊరేగింపుగా వస్తున్నారు. పత్రికలవాళ్ళు కూడా వస్తున్నారు, మొదటి బాల్కనీ ఫొటో తియ్యడానికి. ఇదంతా తమ్ముడికి చెప్పి, "ఊరంతా నిలబడితే మన ఇల్లే వెనక్కి తగ్గిందంటారు. ఇన్‌స్పెక్టరు వచ్చి తీయించాడనీ అంటారు. రేపొక్కరోజు ఓర్చుకోరా. ఎల్లుండి నీ బట్టలన్నీ నేనే ఉతికి నేనే ఆరేస్తాను" అంది.

వాడు అక్క ముఖంలోకి చూశాడు. అప్పుడు వాడు కోప్పడి ఉంటే ఆమె కూడా అరిచేది. అరుచుకున్నాక ఎవరో ఒకరు తగ్గేవారు. వాడు కోప్పడలేదు. "సరే అక్కా" అన్నాడు. చొక్కాని గదిలో కుర్చీ వీపుకి తగిలించారు.

ఊరేగింపు అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. ఫొటోలు తీశారు. ఇంకమ్మ కిందికి దిగి జనంలో కలిసి డిపో దాకా నడిచింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు ఆమె రంగు చేతులు పట్టుకుని ఊపారు. నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయింది. తన జీవితం మొత్తంలో అలాంటి రోజు ఇంకొకటి లేదని ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. సాయంత్రం ఆ గొంతుతోనే తమ్ముణ్ణి పిలుస్తూ మెట్లెక్కింది. తమ్ముడు లేడు. వాళ్ళ దళం లారీ ఒకటి వెళ్తుంటే దాంట్లో వెళ్ళిపోతానని బయల్దేరాడట. మరదలు సాగనంపడానికి లారీ దాకా వెళ్ళింది. కుట్టు పిన్ని పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది.

పిల్ల చెప్పింది. "నాన్న తడి చొక్కా సంచిలో పెట్టుకుని వెళ్ళాడత్తా."

గదిలో ఆరేసిన బట్ట ఎంతకని ఆరుతుంది. కుర్చీ కింద నీటిమరక ఇంకా అలాగే ఉంది. ఇంకమ్మ గుడ్డ తెచ్చి దాన్ని తుడిచింది, తుడిచాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుంది. మర్నాడు పత్రికలో బాల్కనీ ఫొటో వచ్చింది. వీధివాళ్ళు నాలుగైదు కాపీలు తెచ్చి ఇచ్చారు. మరదలు మాత్రం ఒక్క మాట అనలేదు. ఆమె ఏమైనా అని ఉంటే బాగుండేదని ఇంకమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది.

చలికాలంలో బేకరీ ఆయన పెద్ద కొడుకు చనిపోయినట్టు తెలిసింది. ఇంకమ్మ ఆయనకి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగింది. తమ్ముడి మాటలు అప్పటికి ఆమెను లోపల తొలుస్తున్నాయి. ఆ క్లిప్పులు చూసినప్పుడల్లా ఈయన గుండెలో ఏమవుతోందోనని భయపడింది. ఆయనే ఆమె దగ్గరికి వచ్చాడు. పిండి చేతులు తుడుచుకుంటూ మెట్ల మీద కూలబడ్డాడు. "నా ఒక్క ఇంటి మీదే ఖాళీ కనబడితే తట్టుకోలేకపోయేవాణ్ణమ్మా. తలెత్తితే వీధంతా వాడి కోసం చోటు ఉంచినట్టుంది" అన్నాడు. ఇంకమ్మ ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది. ఎవరి కోసం ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఒకే బొమ్మ ఒక తండ్రికి ఊరట అయింది, సొంత తమ్ముడికి గాయమైంది. దాన్ని వేసినందుకు సంతోషించాలో విచారించాలో తేల్చుకోలేక, ఆ రెండింటినీ మోస్తూ తిరిగింది.

మరుసటి ఏడు రెండు దేశాలవాళ్ళూ ఎక్కడో కూర్చుని సంతకాలు చేశారు. పోస్టర్ల వల్లే ఆగిందన్నవాళ్ళున్నారు. తుపాకి మందు అయిపోయి ఆగిందన్నవాళ్ళూ ఉన్నారు. ఆ కబురొచ్చిన పొద్దున వీధిలో అందరూ పెట్టెల్లో ఉన్న పాత గుడ్డలు కూడా తీసి ఉతికి ఆరేశారు. బేకరీ ఆయన ఒక్కడూ తన రెండు క్లిప్పుల్నీ కదపలేదు. వాటిని కదపమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

తమ్ముడు ప్రాణాలతో తిరిగొచ్చాడు. ఇంకమ్మ గుమ్మంలోనే వాణ్ణి గట్టిగా పట్టుకుంది. వాడు వీపు నిమిరి, "ఎలా ఉన్నారక్కా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి వాడు అక్కని నువ్వనే అన్నాడు. కోపం వచ్చినప్పుడు నువ్వే, జ్వరమొచ్చినప్పుడు నువ్వే. సైన్యంలో మర్యాద నేర్పారులే అని కుట్టు పిన్ని నవ్వింది. ఇంకమ్మా నవ్వింది. భార్యతోనూ కూతురితోనూ వాడు ఎప్పటిలాగే ఉన్నాడు. కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో పాలవ్యాను నడిపే పని దొరికిందని సంసారాన్ని తీసుకుని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆమెను కూడా రమ్మన్నాడు. "మీకిక్కడే అలవాటు కదా, మీ ఇష్టం" అని కూడా అన్నాడు.

ప్రెస్సు తాళం తీశారు. ముసలాయన మళ్ళీ తన పాట అందుకున్నాడు. కొన్నేళ్ళకి పట్టణ హాల్లో ఆ రోజుల పోస్టర్లన్నీ పెట్టి ప్రదర్శన చేశారు. ఇంకమ్మ బొమ్మకి అద్దం కట్టించి నడిగోడకి తగిలించారు, ఆమెను మాట్లాడమన్నారు. తమ్ముణ్ణి రమ్మని పిలిస్తే ఆ రోజు డ్యూటీ ఉందన్నాడు. వేదిక మీద నిలబడి, బొమ్మ ఎలా పుట్టిందో చెప్పింది, ఇన్‌స్పెక్టరు టోపీ కథ చెప్పి అందరినీ నవ్వించింది. ఇంకొక మాట నోటిదాకా వచ్చింది. అది ఇంతమందికి చెప్పాల్సింది కాదని, ఒక్కడికే చెప్పాల్సిందని ఆగిపోయింది.

అందుకే ఆ వారంలోనే బస్సెక్కి తమ్ముడి ఊరు వెళ్ళింది. కొత్త వాటా బాగుంది, బాల్కనీ పెద్దది. బట్టలు మాత్రం లోపలి గదిలో కుర్చీల మీదా తలుపుల మీదా ఆరుతున్నాయి. వీధిలో దుమ్ము ఎక్కువని మరదలు చెప్పింది. భోజనాలయ్యాక మరదలు ఏదో పని కల్పించుకుని పిల్లతో బయటికి వెళ్ళింది. ఇంకమ్మ తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నీ చొక్కా ఆరెయ్యనివ్వాల్సిందిరా. ఫొటో ఏమైపోతే నాకేం. నువ్వడిగింది ఒక్కటే. అది కూడా ఇవ్వలేకపోయాను."

తమ్ముడు నవ్వాడు, పరాయివాళ్ళు పొరపాటున కాలు తొక్కితే నవ్వినట్టు. "ఇంకా అవన్నీ పెట్టుకున్నారా అక్కా? అప్పుడు ఏదో అలసటలో అన్నాను. నేనెప్పుడో మర్చిపోయాను. మీరూ వదిలెయ్యండి."

బొంగరం విరగ్గొట్టినవాణ్ణి జీవితాంతం మరువనివాడు ఇది మరిచిపోతాడా. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునైనా బతిమాలుకునేది. మర్చిపోయానని చెప్పేసినవాణ్ణి ఇంకేమని అడుగుతుంది? గ్లాసులు తీసుకెళ్ళి కడిగి వచ్చింది. పాలవ్యాను గురించీ, పిల్ల చదువు గురించీ అడిగింది. వాడు అన్నింటికీ వివరంగా జవాబులు చెప్పాడు.

మర్నాడు వాడే బస్సు దాకా తీసుకొచ్చాడు. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టాడు, ఎండ పడకుండా తెర జరిపాడు, నీళ్ళ సీసా చేతికిచ్చాడు. బస్సు కదిలేదాకా కిందే నిలబడ్డాడు. "చేరగానే ఫోన్ చెయ్యండక్కా" అన్నాడు. అలాగేనని ఆమె తలూపింది.

ఇల్లు చేరగానే ఫోన్ చేసింది. మరదలు ఎత్తింది. తమ్ముడు పక్కనే ఉన్నాడట, బాగా చేరారా అని అడుగుతున్నాడట. బాగానే చేరానని చెప్పమంది ఇంకమ్మ.